పేరు వినిపించని వారం

యెఫ్రీ మోతా కిరాయికి నడిపే మోటారుసైకిలు దోన్యా ఒబ్దూలియా రొట్టెల పెనం ముందు నుంచి రోజుకు ఎన్నోసార్లు పోతుంది. పోయిన ప్రతిసారీ అతని మెడ బిగుసుకుంటుంది. చూపు ముందు చక్రం మీద నుంచి కదలదు. "దీవించు, మద్రీనా" అన్న మాట నోటి వెంట రాదు.

మా లోస్ మాంగ్లెస్ పేటలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ మొగుడూ పెళ్ళాలు పళ్ళాలు విసురుకుంటారు, అన్నదమ్ములు కలబడి చొక్కాలు చింపుకుంటారు, తెల్లారేసరికి అన్నీ మర్చిపోతారు. కానీ కన్నతల్లో, మద్రీనా అనిపించుకునే జ్ఞానతల్లో ఎదురైనప్పుడు దీవెన అడగకుండా దాటిపోవడం అనేది లేదు. తాగి తూలేవాడు కూడా స్తంభం పట్టుకుని నిలబడి అడుగుతాడు. ఒకసారి పోలీసులు చేతులు వెనక్కి విరిచి తీసుకుపోతున్న కుర్రాణ్ణి చూశాను. వాడూ ఎదురైన జ్ఞానతల్లిని అడిగాడు. ఆ ముసలమ్మ బదులు పలికేదాకా పోలీసు కూడా ఆగాడు. మనుషులు తెగతెంపులు చేసుకునే తీరు నేను తిరిగిన రేవుల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఇక్కడ మాత్రం అది ఒక్క మాట మింగేయడంతో అయిపోతుంది. బాప్తిస్మపు నీళ్ళ దగ్గర తనను చేతుల్లో పట్టుకున్న మనిషి ముందు యెఫ్రీ ఆ మాట నిరుడు జూన్ నుంచి మింగుతూనే ఉన్నాడు.

ఒబ్దూలియా పెనానికి ఎదురుగదిలో నేను అద్దెకుంటున్నాను. కిటికీ తెరిస్తే నూనె వాసన, మూస్తే ఉక్క. అందుకని తెరిచే ఉంచుతాను. ఈ కథలో సగం ఆ కిటికీలోంచి చూసిందే.

పేటంతా గౌరవంగా 'దోన్యా' అని పిలిచే ఆమె ఇంటిపేరు వాట్లీ. తాత నీవిస్ దీవి నుంచి చెరకు నరకడానికి ఓడెక్కి వచ్చినవాడు. ఆయనతో పాటే నూనెలో వేయించే ఈ యానికేకే రొట్టె కూడా దిగింది. శాన్ పెద్రోలో ఇప్పుడిది అందరిదీ అయిపోయింది గానీ, పిండి అలా సాగేలా పిసకడం వాట్లీల ఇంటి చేతికే వచ్చని ఆమె గట్టి నమ్మకం. భర్త చక్కెర మిల్లు రైలు నడిపేవాడు. చాలాకాలం కిందటే పోయాడు. పిల్లలు లేరు. పక్కింటి యెఫ్రీ తల్లి పొద్దస్తమానం బట్టల ఫ్యాక్టరీలో కుడుతూ ఉండేది కాబట్టి, పిల్లవాడు బడి వదలగానే ఆట మైదానం పక్కనున్న ఈ పెనం దగ్గరికే వచ్చేవాడు.

అక్కడ వాళ్ళిద్దరికీ ఒక ఆట ఉండేది. చేతిలో ఉన్న పిండి ముద్దను ఒబ్దూలియా చెప్పా పెట్టకుండా వాడి మీదికి విసిరేది. వాడు పట్టి తిరిగి ఇచ్చేవాడు. ముద్దను ఆమె వెలుతురులోకి ఎత్తి చూసేది. వేళ్ళ గుర్తులు పడితే, "మొద్దు చెయ్యి! ఇది నువ్వే తిను, అమ్మడానికి పనికిరాదు" అనేది. గుర్తు పడకపోతే ముద్ద పెనమెక్కేది. ఆకలిగా ఉన్న రోజున వాడు కావాలనే గట్టిగా పట్టేవాడనుకోండి. కానీ రానురాను వాడి చేతులు ఎంత మెత్తబడ్డాయంటే, బేస్‌బాల్ ఆటలో రెండో బేసుకీ మూడో బేసుకీ నడుమ నిలబడి, నేలమీద బుసకొట్టుకుంటూ వచ్చే బంతిని నిద్రపోతున్న పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తేవాడు. ఆటగాళ్ళ కోసం వెతికే దొరలు వచ్చి చూసి, సంతకం పెట్టించుకుని తీసుకుపోయారు.

పెద్ద లీగుకు పోయే దారి నిండా చిన్న లీగుల మెట్లే. యెఫ్రీ ఒక్కో మెట్టే ఎక్కి, మొక్కజొన్న చేల నడుమ సీడర్ ఫోర్క్ అనే ఊరి జట్టులో నిలిచాడు. టోపీ మీద నల్ల పిట్ట బొమ్మ ఉంటుందని పేటంతా ఆ జట్టును 'కాకులు' అనేది. పెద్ద లీగు ఆటను లోకమంతా చూస్తుంది. చిన్న లీగు ఆటను వినేది ఆటగాళ్ళ తల్లులే. టీవీలో రాదు. ఫోనులో ఆట చెప్పే ఒక గొంతు వస్తుంది, అంతే. ఒబ్దూలియా ఆ ఫోనును పెనం పక్క మేకుకు తగిలించి, కింద ఖాళీ డబ్బా పెట్టి, శబ్దం పెద్దది చేసేది.

ఆ గొంతుది ఇంగ్లీషు. ముక్కుతో మాట్లాడతాడని ఆయనకు 'ముక్కాయన' అని పేరు పెట్టారు. ఒబ్దూలియాకు తాతగారి నుంచి వచ్చిన ఇంగ్లీషు రెండు కీర్తనలకూ ఒక తిట్టుకూ సరిపోతుంది. కానీ స్ట్రైకు, బాలు, పేర్లు, జనం హోరు తెలిస్తే మిగతాది ఊహించుకోవచ్చు. ఆట మొదలయ్యే ముందు ముక్కాయన చదివే తొమ్మిది పేర్లను ఆమె జపమాలలోని ప్రార్థనల్లా వినేది. ఆట చివరికొచ్చే వేళకి ఆ మైదానం వెనక నుంచి ఒక గూడ్సు బండి కూత వేసుకుంటూ పోయేది. ఆ కూతకు ఆమె తలెత్తి, "మా ఆయన అయితే ఇంత పొడుగు కూత వెయ్యడు" అనేది. రేవు దాటి ఎరుగని మనిషి. ఆ ఊళ్ళో గాలి ఎటు వీస్తే బంతి ఎటు తేలుతుందో మాకు చెప్పేది.

నిరుడు జూన్‌లో ఒకరోజు తొమ్మిది పేర్లలో యెఫ్రీ పేరు లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

మూల మీద కొట్టు బొలీవర్‌ది. రమ్మూ, సబ్బులూ, తలుపుకు ఇటొకటి అటొకటి నిలువెత్తు స్పీకర్లూ, ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం అతని దగ్గర ఎప్పుడూ నిల్వ ఉంటాయి. "ఇందులో తల బద్దలు కొట్టుకోడానికేముంది దోన్యా? ఆ మెట్టు మీద లేడంటే పై మెట్టు మీదున్నాడని. పైకి పోయినోడికి ఫోనెత్తే తీరిక ఎక్కడుంటుంది?" అన్నాడు.

అందరికీ అదే నిజమనిపించింది. అంతకు ముందు ఇంకోలా జరగడం మేం ఎరుగం. బొలీవర్ స్పీకర్లు వీధిలోకి వచ్చాయి. ఒబ్దూలియా పెరట్లో పెంచిన పందిని కర్రకు గుచ్చి నిప్పుల మీద తిప్పారు. 'మన యెఫ్రీ పెద్ద లీగుకి' అని రాసిన దుప్పటి వీధికి అడ్డంగా వేలాడింది.

పంది ఇంకా సగమే కాలింది. బస్సు ఆగి, భుజాన సంచీతో యెఫ్రీ దిగాడు.

పెద్ద లీగు వాళ్ళు ఇంటికి పోయి చూసి రమ్మన్నారని పేట అర్థం చేసుకుంది. సంచీ ఎవరో లాక్కున్నారు. నలుగురు భుజాలకెత్తుకున్నారు. వీధి చివరిదాకా మోసుకుపోయి, తిప్పి తెచ్చి, ఒబ్దూలియా ముందు దింపారు. ఆమె పిండి చేతులతోనే అతని మొహం పట్టుకుంది. అతను ఆమె చెవి దగ్గర ఏదో అన్నాడు. పాటల హోరులో ఆమెకు వినపడలేదు. "ఏంటి నాన్నా? గట్టిగా చెప్పు!" అంది. మొనగాడు మాట్లాడబోతున్నాడని బొలీవర్ సరిగ్గా అప్పుడే పాట ఆపాడు.

"నన్ను పంపించేశారు, మద్రీనా!"

వీధి వీధంతా విన్నది. పంది తిప్పేవాడు తిప్పడం ఆపాడు. కాసేపటికి మాడు వాసన వచ్చి మళ్ళీ తిప్పాడు. ఆ రాత్రి అందరం తలొంచుకుని ఆ మాంసం తిన్నాం. అంత రుచిగా కాలిన పందిని అంత సిగ్గుగా తినడం నేనెక్కడా చూడలేదు. యెఫ్రీ గదిలోంచి బయటికి రాలేదు. మర్నాడు ఒబ్దూలియా కాఫీ పట్టుకుని వెళితే తలుపు తీశాడు, కాఫీ తీసుకున్నాడు, దీవెన అడగలేదు. గ్లాసు తల్లి చేత పంపించాడు.

ఆమె ఇక కాకుల ఊసెత్తదనుకున్నాం. రెండు వారాల తర్వాత మేకుకు ఫోను మళ్ళీ వేలాడింది.

"ఇంకా దేనికి దోన్యా?" అన్నాడు బొలీవర్.

"శపించడానికి" అంది.

యెఫ్రీ చోటులో ఎవరో గ్రెనాల్డ్ అనే కొత్తవాడు నిలబడ్డాడు. పేరునుబట్టి దొర అయ్యుంటాడని పేట తీర్మానించింది. మా ఊళ్ళోనే వాట్లీలూ హాడ్జ్‌లూ వీధికో పదిమంది ఉన్నారన్నది ఆ కోపంలో ఎవరికీ గుర్తు రాలేదు. తెల్లగా ఉంటాడనుకుని వాణ్ణి 'పాలపిండి' అన్నారు. వాడు బ్యాటు పట్టినప్పుడల్లా ఒబ్దూలియా చిటికెడు ఉప్పు నిప్పులో వేసేది. అది చిటపటలాడితే జనం చప్పట్లు కొట్టేవారు. కొన్నాళ్ళు మా పేటకు ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు.

తర్వాత జనం పలచబడ్డారు. ద్వేషం కూడా రోజూ ఒకే వేళకు వచ్చి కూర్చోవాలంటే విసుగేస్తుంది. ఒబ్దూలియా మాత్రం వింటూనే ఉంది. ఒక సాయంత్రం కిటికీలోంచి చూస్తే, గ్రెనాల్డ్ పేరు వినగానే ఉప్పు డబ్బా దగ్గరికి పోయిన చెయ్యి ఆగింది. ఎందుకో తిరిగి వచ్చి పిండిలో పడింది. ఆ తర్వాత వాడు బంతి జారవిడిస్తే, "వంగరా! నడుం వంచు!" అని ఫోనును కసిరింది. యెఫ్రీని ఎలా కసిరేదో అలాగే.

ఈ ఏడు మార్చిలో యెఫ్రీ బండి టైరు సరిగ్గా ఆమె పెనం ముందే పేలింది. ప్రయాణికురాలు దిగి నడిచి వెళ్ళిపోయింది. అతను చక్రం విప్పుతూ కూర్చోక తప్పలేదు. ఆటలింకా మొదలు కాలేదు గానీ ఫోను మేకునే ఉంది.

"ఇంకా వింటున్నావంటగా" అన్నాడు, నట్టుతో మాట్లాడుతున్నట్టు.

"వింటున్నా."

"నన్ను ఉమ్మేసినోళ్ళ ఆటలు."

"ఆ, వాళ్ళవే."

"సిగ్గులేదా?"

ఒబ్దూలియా పెనం మంట తగ్గించింది. "నువ్వక్కడున్నన్నాళ్ళూ నేనూ అక్కడే ఉన్నాను గదరా. నిన్ను బస్సెక్కించి పంపేశారు, వచ్చేశావు. నన్నెవరూ పంపలేదు. నేనింకా రాలేదు."

యెఫ్రీ చెయ్యి నట్టు మీద ఆగింది. చక్రం బిగించుకుని వెళ్ళిపోయాడు. పంది సంగతి ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. ఇద్దరి నడుమా అదే ఉంది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఎండకు నూనె కాచకుండానే కాగేట్టుంది. కొట్టు ముందు నలుగురు డామినో పలకలు దబాదబా వేస్తున్నారు. ఫోనులో ముక్కాయన తొమ్మిది పేర్లూ చదివాడు. ఒబ్దూలియా అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"బొలీవర్! పాలపిండి పేరు ఇయ్యాళా లేదు. వరసగా మూడో ఆట."

"నీ ఉప్పు పనిచేసినట్టుంది దోన్యా!"

"నోరు ముయ్యి. నేను ఉప్పు మానేసి ఎన్నాళ్ళో అయింది."

బొలీవర్ పలక కింద పెట్టి ఆలోచించాడు. "అయితే పైకి పోయుంటాడు. మొన్నమొన్నటిదాకా బాగా ఆడుతున్నాడన్నావుగా? పోయాడు. దొర గదా, తొందరగా ఎక్కిస్తారు."

ఆమె మొహం మీద ఒక్కసారి వెలుగొచ్చింది. దాచుకుందామనుకున్నా దాగలేదు. "పోనీలే. మెత్తటి చేతులోడే. ఇయ్యాళ రొట్టెలకి ఎవరూ ఏమీ ఇవ్వొద్దు, తినండి" అంది. బొలీవర్ లేచి స్పీకరు మీట నొక్కబోయాడు.

యెఫ్రీ అప్పుడే ఒక లావుపాటి మనిషిని చర్చి దగ్గర నుంచి తెచ్చి దింపుతున్నాడు. ఇంజను ఆపలేదు. ఒక కాలు నేలమీద పెట్టి, మొదటిసారి పెనం వైపు తిరిగాడు.

"అది నొక్కకు బొలీవర్."

"ఏం? కుళ్ళా?"

"పైకి పంపితే ఆ ముక్కాయన ఊరుకోడు. రోజంతా అదే పాడతాడు. మా వాడు, మా వాడని చెవులు తినేస్తాడు. ఇంటికి పంపితేనే పేరు మింగేస్తాడు. రెండేళ్ళు విన్నారుగా, మీకు ఇది కూడా తెలీదూ?" ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో గొంతు ఇంకా గట్టిగా వినిపించింది. "నన్ను పంపేసిన వారం నా పేరు ఎన్నిసార్లు చెప్పాడు?"

పెనం మీద రొట్టె ఒక పక్క నల్లబడింది.

ఒబ్దూలియా అట్లకాడ కింద పెట్టేసింది. క్షమించమంటుందనుకున్నాను. ఏడుస్తుందనీ అనుకున్నాను. ఆమె చేసింది అదేదీ కాదు.

"వాడికీ ఇంటి దగ్గర ఎవరో ఉంటారు గదరా" అంది. "వాళ్ళూ వింటూనే ఉండుంటారు. పేరు లేదని వాళ్ళకీ ఒక బొలీవర్ ఉండుంటాడు. ఈపాటికి నిప్పు కూడా రాజేసుంటారు! చెప్పరా ఎవరికైనా. ఒరే, వాళ్ళకి చెప్పు!"

యెఫ్రీ ఆమె వైపు అలాగే చూశాడు. నిరుడు ఆ రోజున అతని మొహం పట్టుకున్న చేతులు ఇప్పుడు పిండితో గాలిలో ఉన్నాయి. జేబులోంచి ఫోను తీశాడు.

"నెంబరుంది" అన్నాడు నెమ్మదిగా. "నా పక్క మంచమే వాడిది. వాడొచ్చిన నాలుగో వారానికి నన్ను పంపారు. తర్వాత నేనెప్పుడూ చెయ్యలేదు."

నెంబరు నొక్కి, అందరికీ వినపడేట్టు పెట్టాడు. అవతల బస్సుల రొద. "యెఫ్రీ? నువ్వేనా? ఒరేయ్ నల్లోడా, బతికే ఉన్నావా!"

స్పానిష్. అదీ సముద్రపు గట్టు స్పానిష్, మాటల చివర్లు మింగేసే మా బాపతుదే. డామినో ఆడేవాళ్ళు నలుగురూ పలకలు బోర్లా పెట్టేశారు. "పాలపిండి మనలాగే మాట్లాడుతున్నాడేంటి?" అన్నాడు బొలీవర్.

"పనామా వాడు. బోకాస్‌లో పుట్టాడు. మీరు అడిగితేగా" అని అతని మీద ఒక మాట పడేసి, యెఫ్రీ ఫోనులోకి వంగాడు. "ఎక్కడున్నావు?"

"బస్సుల స్టాండులో."

"ఇంట్లో చెప్పావా?"

"లేదు. అమ్మమ్మ పైకి పంపారనుకుంటోంది. పొద్దున చర్చిలో నా పేరు చెప్పి స్తోత్రం కూడా చేయించిందట. పిన్ని మెసేజి పెట్టింది. ఎలా చెప్పనురా? పోయాక నన్ను చూస్తే తెలుస్తుందిలే."

"తెలవదు!" యెఫ్రీ అరిచాడు. "నిన్ను చూస్తే ఎవరికీ ఏమీ తెలవదు. భుజాలకెత్తుకుంటారు. ఊరంతా తిప్పుతారు. నువ్వు అంత మందిలో నోరు తెరిచి చెప్పుకోవాల. నే చెప్పుకున్నాను. వినరా, నేను ఫోను కట్టేసి వచ్చాను, సిగ్గేసి. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకేం తెలుసు? ఇప్పుడే చెయ్యి. బస్సెక్కక ముందే. పంది బతికుండగానే చెప్పు!"

తప్పు వాళ్ళది కాదు అన్నప్పుడు అతను ఎవరి వైపూ చూడలేదు. ఒబ్దూలియా ఏప్రాను అంచు పట్టుకుని మెలిపెడుతోంది.

"సరే" అన్నాడు గ్రెనాల్డ్. "చేస్తా. నీ పక్కన ఎవరున్నారు? నూనె చప్పుడు వినిపిస్తోంది."

"మా మద్రీనా."

"రొట్టెలావిడా? ఒకసారి ఇవ్వరా." ఒబ్దూలియా ఫోను అందుకోలేదు, చేతులు పిండిగా ఉన్నాయని మొహమే దగ్గరికి తెచ్చింది. "అమ్మా, మీవాడు ప్రతి ఆట ముందూ మీకు ఫోను చేసి దీవెన అడిగేవాడు గదా. వాడు పోయాక మా గది బోసిపోయింది. ఇప్పుడు నాకు చాలా దూరం పోవాలి. నాకూ కాస్త..."

"దేవుడు నిన్ను దీవించాలి నాన్నా" అంది ఆమె వెంటనే. "చల్లగా వెళ్ళు. అమ్మమ్మకి చెప్పు. నువ్వు నడుం సరిగ్గా వంచవు, అది ఒకటి చూసుకో."

"మీకెలా తెలుసు?"

"విన్నాను లే. వెళ్ళు, వెళ్ళు."

ఫోను ఆగింది. బొలీవర్ స్పీకరు మీట దగ్గర నుంచి మెల్లగా వెనక్కి జరిగి, ఏమీ ఎరగనట్టు పలకలు కలపడం మొదలుపెట్టాడు. లావుపాటి ప్రయాణికుడు ఇంకా అక్కడే ఉన్నాడు. అతని చేతిలో రెండో రొట్టె ఉంది.

యెఫ్రీ ఫోనుకు ఆమె బుగ్గ నుంచి అంటిన పిండి చొక్కాకు తుడుస్తున్నాడు. ఒబ్దూలియా గిన్నెలోంచి ఒక ముద్ద తుంచింది. చెప్పలేదు, పెట్టలేదు, అతని మీదికి విసిరింది. అతని ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. పట్టాడు. అందరం చూస్తున్నాం. నడిచి వచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఎండలోకి ఎత్తింది.

"నాలుగు వేళ్ళూ పడ్డాయి. మొద్దు చెయ్యి."

"బండి హ్యాండిలు పట్టుకు తిరిగే చెయ్యి మరెలా ఉంటది?" అన్నాడు. నేల చూస్తూ ఇంకో మాట అన్నాడు. "దీవించు, మద్రీనా."

ఒబ్దూలియా ముద్దను పెనంలో వేసి, అది పొంగేదాకా చూసి, అప్పుడంది: "దేవుడు నిన్ను దీవించాలి నాన్నా. కూర్చో. ఇది నువ్వే తినాల."

కూర్చున్నాడు. మేకుకున్న ఫోనులో ముక్కాయన ఎడతెగకుండా ఏదో చెబుతున్నాడు. జనం నవ్వు వినిపించింది. ఒబ్దూలియా చెవి అటు పెట్టి, "మెచ్చుకుంటున్నాడు చూడు. రోజూ ఇలాగే మనోళ్ళని తెగ మెచ్చుకుంటాడు" అంది.

యెఫ్రీ రొట్టె నములుతూ కాసేపు విన్నాడు. "మెచ్చుకోవడం లేదు మద్రీనా. వాళ్ళావిడ చేసిన దోసకాయ ఊరగాయ గురించి చెబుతున్నాడు. రోజూ అదే చెబుతాడు."

"రెండేళ్ళుగానా?"

"నేనున్నప్పుడూ అదే."

ఆమె అట్లకాడ గాలిలో ఆపి ఆలోచించింది. "సరే, మరి ఇప్పుడు నీ చోటులో ఎవడు నిలబడ్డాడు? నడుం వంచుతాడా?"

"విని చెబుతా" అన్నాడు యెఫ్రీ. స్టూలు ఫోను దగ్గరికి లాక్కున్నాడు.